పోస్టింగ్‌కి వెళ్ళే ముందు ఒంట్లో బాగోలేదా? ముందు ఇవి చూసుకోండి

నర్సింగ్ పిల్లలూ, పోస్టింగ్‌కి, అంటే ఆసుపత్రి వార్డులో ట్రైనింగ్ డ్యూటీకి, యూనిఫాం వేసుకోకముందే చూసుకోవాల్సినవి ఇవి.

– జ్వరం: పారాసెటమాల్‌తో దిగితే తగ్గినట్టు కాదు. మాత్ర లేకుండా 24 గంటలు రాకపోతేనే వార్డుకు.

– వాంతులు, విరేచనాలు: ఆఖరిసారి అయ్యాక 48 గంటలు ఆగాలి, మీకు హుషారు వచ్చేసినా సరే, ఎందుకంటే నోరోవైరస్ లాంటివి ఆ తర్వాత కూడా మలంలో పోతూనే ఉంటాయి, చెయ్యి సరిగ్గా కడక్కుండా మీరు పట్టుకున్న మంచం రెయిలింగ్‌నే కాసేపటికి పేషెంటూ పట్టుకుని, అదే చేత్తో ఇడ్లీ తింటాడు. శానిటైజర్ రాసుకుంటే చాలనుకోకండి, దీనికి సబ్బూ నీళ్ళే.

– ఆటలమ్మ: పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా ఆసుపత్రి గుమ్మం తొక్కొద్దు. గర్భిణులకు, పసికందులకు, కీమో తీసుకునేవాళ్ళకు ప్రాణం మీదకొస్తుంది.

– కళ్ళకలక, వేళ్ళ మీద చీము: పైన గ్లవ్స్ తొడిగేసి సరిపెట్టొద్దు, చూపించుకోండి.

– 2 వారాలు దాటిన దగ్గు: టీబీ ఏమో తేల్చుకోడానికి కఫం పరీక్ష. ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే.

– జ్వరం లేని ఉత్త జలుబు: ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పి, ఆవిడ సరేనంటే మాస్కుతో.

అసలు టెన్షన్ హాజరు గురించే, తెలుసు. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ 100 శాతం ఉండాలి, నిజమే. పోయిన రోజులకు తర్వాత డ్యూటీ చేసి పూడ్చుకోవచ్చు. డ్యూటీ మొదలవ్వకముందే ట్యూటర్ మేడంకి ఫోన్ చేసి, డాక్టర్ చీటీ దగ్గర పెట్టుకోండి.