టర్కిక్ ఆడపేర్లు విడదీయడం, 3వ పాఠం: అయ్‌గుల్ (ముందు అయ్షె సంగతి తేల్చుకుందాం)

పోయిన పాఠంలో టర్కిక్ భాషల్లో (టర్కిష్, కజక్, కిర్గిజ్ లాంటివి) అయ్ అంటే చంద్రుడు అని చెప్పి, ప్రాక్టీస్‌కి అయ్షె అనే పేరిచ్చా. వచ్చిన జవాబుల్లో సగానికి పైగా చంద్రముఖి, చంద్రకాంతి, ఒకరైతే "చంద్రుడి చెల్లెలు". అన్నీ తప్పే. కానీ అయ్ కనపడగానే కోసేయొద్దని నేను ముందే చెప్పాల్సింది.

అయ్షెలో చంద్రుడే లేడు. అది అరబిక్ ఆయిషా, టర్కీ వాళ్ల నోట్లో పడి అయ్షె అయింది, అర్థం "బతికున్నది, జీవం ఉన్నది". "వాడు ఐష్ చేస్తున్నాడ్రా" అంటామే, ఆ ఐష్‌దీ ఇదే ధాతువు. మరి ఎలా పట్టుకోవాలి? అయ్ తీసేశాక మిగిలిన ముక్క తనంతట తాను ఒక మాటగా నిలబడాలి. సు అంటే నీళ్లు, నిలబడింది, కాబట్టి అయ్‌సు చంద్రుడూ నీళ్లూ. నుర్ అంటే వెలుగు, నిలబడింది, అయ్‌నుర్ వెన్నెల వెలుగు. "షె" అంటే? ఏమీ లేదు. అక్కడే ఆగిపోవాలి, ఊహించి అతికించకూడదు. నేనైతే డిక్షనరీ తియ్యను, పాత ఉస్మానీ లిపిలో, అంటే టర్కిష్‌ని అరబిక్ అక్షరాల్లో రాసే పాత పద్ధతిలో, ఎలా రాసేవాళ్లో చూస్తా. చంద్రుడి అయ్ అలిఫ్ అనే అక్షరంతో మొదలవుతుంది, ఆయిషా ఐన్ అనే వేరే అక్షరంతో. ఉర్దూ చదవడం వచ్చిన హైదరాబాదీలకి ఇది రెండు సెకన్ల పని, ఇప్పటి టర్కిష్ రాసే లాటిన్ అక్షరాల్లో మాత్రం రెండూ ఒకేలా కనపడి మోసం చేస్తాయి.

ఇక అయ్‌గుల్. అయ్ అసలు సిసలు టర్కిక్, 11వ శతాబ్దంలో మహమూద్ కాష్‌గరీ రాసిన నిఘంటువులో కూడా ఉంది. గుల్ పర్షియన్ నుంచి వచ్చింది. టర్కీలో గుల్ అంటే గులాబీ, కజక్, కిర్గిజ్ భాషల్లో ఏ పువ్వైనా గుల్లే, అందుకని ఒకే పేరు ఇస్తాంబుల్‌లో చంద్రగులాబీ, కజకిస్తాన్‌లోని అల్మాటీలో చంద్రపుష్పం. మన గులాబీలో ఉన్నదీ ఆ గుల్లే, గుల్ ప్లస్ ఆబ్, పువ్వు నీళ్లు, అంటే మన పన్నీరు. ఇంకోటి, అయ్ అంటే క్యాలెండర్‌లో నెల కూడా. మనకీ అంతేగా, నెలవంకలో ఉన్నదీ నెలే, జీతం పడేదీ నెలకే. ఈ పోలిక గుర్తుంటే అయ్ ఇంక మర్చిపోరు.

గులాయ్ అని తిరగేసిన పేరు కూడా ఉంది, అర్థం దాదాపు అదే. నాకు మాత్రం కజక్ వాళ్ల అయ్‌సులు ఇష్టం, సులు అంటే అందగత్తె, రెండు ముక్కలూ టర్కిక్కే, ఎక్కడా అతుకు లేదు.

ప్రాక్టీస్: అయ్‌జాన్, అయ్‌తెన్. ఏ ముక్క ఏ భాషదో రాయండి. తెన్ దగ్గర మన "తనువు" గుర్తొస్తే ఎందుకు గుర్తొచ్చిందో కూడా రాయండి, ఒట్టి అర్థం రాసి పంపితే దిద్దను.