ఇన్హిబిటర్ వేసినా కణాలు ఆగడం లేదా? అనలాగ్-సెన్సిటివ్ కైనేజ్ ప్రయోగాల్లో సమస్యలు, పరిష్కారాలు

కైనేజ్ అంటే ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి ప్రొటీన్లకు అంటించే (ఫాస్ఫారిలేషన్) ఎంజైమ్. అందులో ఏటీపీ కూర్చునే గూడు వెనక గేట్‌కీపర్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. చాలా కైనేజ్‌లలో అది మెథియోనిన్, ల్యూసిన్, ఫినైల్ అలనిన్ లాంటి పెద్దదే. దాన్ని గ్లైసిన్‌గానో అలనిన్‌గానో మారిస్తే గూడు వెడల్పవుతుంది. మామూలు కైనేజ్‌లలో పట్టని 1-ఎన్‌ఎం-పీపీ1, 3-ఎంబీ-పీపీ1 వంటి ఇన్హిబిటర్లు (కైనేజ్‌ను ఆపే రసాయనాలు) అందులో ఇమిడిపోతాయి. ఇలా మార్చిన కైనేజే అనలాగ్-సెన్సిటివ్ కైనేజ్. కెవాన్ షోకాట్ బృందం 1990ల చివర్లో రూపొందించిన ఈ పద్ధతితో ఒకే కైనేజ్‌ను నిమిషాల్లో ఆపవచ్చు. దానితో పని చేస్తున్నప్పుడు తరచూ ఎదురయ్యే సమస్యలు ఇవి.

ఏ సమస్యకైనా ముందు నాలుగు గొట్టాలు పక్కపక్కన ఉండాలి: వైల్డ్ టైప్ (మార్చని కైనేజ్), మ్యూటెంట్ (మార్చినది), ఒక్కోదానికి డీఎంఎస్‌ఓ (ఇన్హిబిటర్‌ను కరిగించే ద్రావణి) మాత్రమే ఒకటి, ఇన్హిబిటర్ ఒకటి. ఇవి లేకపోతే కింద చెప్పిన ఏ కారణాన్నీ తేల్చలేరు.

సమస్య 1: మ్యూటెంట్ కణాలు ఇన్హిబిటర్ లేకుండానే నెమ్మదిగా పెరుగుతున్నాయి, లేదా బతకడం లేదు

గేట్‌కీపర్‌ను గ్లైసిన్‌గా మార్చడం కొన్ని కైనేజ్‌లకు భారమే. ఏటీపీని పట్టుకునే శక్తి తగ్గుతుంది, ప్రొటీన్ మడత బలహీనపడుతుంది. మొదట గ్లైసిన్‌కు బదులు అలనిన్ పెట్టి చూడండి. అప్పటికీ కుదరకపోతే ఎన్-లోబ్‌లో (కైనేజ్ పై భాగం) రెండో మ్యూటేషన్ చేర్చి స్థిరపరచాలి. మానవ మైటోటిక్ కైనేజ్ పీఎల్‌కే1లో ఎల్130జీకి (130వ ల్యూసిన్ స్థానంలో గ్లైసిన్) సీ67వీ (67వ సిస్టీన్ స్థానంలో వాలీన్) తోడు చేసింది అందుకే. ఈస్ట్‌లో 25, 30, 37 డిగ్రీల దగ్గర డ్రాప్ టెస్ట్ (పలుచన వరుసలో చుక్కలు పెట్టి పెరుగుదల చూసే పరీక్ష) వేయండి. 37 దగ్గర మాత్రమే చస్తే మడత సమస్య అన్న అనుమానం బలపడుతుంది. పెరుగుదల బాగానే ఉన్నట్టు కనిపించినా ఫ్లో సైటోమెట్రీలో డీఎన్‌ఏ ప్రొఫైల్ చూడాలి, ఎందుకంటే జీ2లో (విభజనకు ముందు దశ) చిన్న ఆలస్యం డబ్లింగ్ టైమ్‌లో తేలదు. నెమ్మదిగా పెరిగే స్ట్రెయిన్ హఠాత్తుగా చురుకైతే సంతోషించకండి. సప్రెసర్ మ్యూటేషన్ (లోపాన్ని కప్పేసే మరో మార్పు) వచ్చి ఉంటుంది. ఫ్రీజర్ స్టాక్‌కు వెళ్లి, జన్యువును సీక్వెన్స్ చేయండి.

సమస్య 2: ఇన్హిబిటర్ వేసినా విభజన ఆగడం లేదు

నిందను ఇన్హిబిటర్ మీద వేసే ముందు వైల్డ్ టైప్ కాపీ మిగిలి ఉందేమో చూడండి. డిప్లాయిడ్ ఈస్ట్‌లో, జీన్ ఎడిటింగ్ చేసిన మానవ కణాల్లో ఒక్క యుగ్మవికల్పం మారకుండా ఉన్నా విభజన సాగిపోతుంది. జన్యువు సరిగ్గా ఉంటే తరువాతి అనుమానం కరుగుదల మీదకు వెళ్లాలి. 10 మిల్లీమోలార్ డీఎంఎస్‌ఓ స్టాక్‌ను చల్లటి మీడియంలోకి ఒక్కసారిగా వదిలితే పొడిగా అవక్షేపిస్తుంది. వెచ్చటి మీడియంలో కలుపుతూ వేయాలి. ఈస్ట్‌లో పీడీఆర్5 పంపు ఇన్హిబిటర్‌ను బయటికి తోసేయవచ్చు. ఆ జన్యువు తీసేసిన స్ట్రెయిన్‌లో తక్కువ మోతాదే పని చేస్తే కారణం దొరికినట్టే. మోతాదును 0.1, 0.5, 1, 5, 10 మైక్రోమోలార్ వరుసలో పెంచండి. ఒక ఇన్హిబిటర్ కూర్చోకపోతే మరొకటి కూర్చోవచ్చు, కాబట్టి 1-ఎన్‌ఏ-పీపీ1, 3-ఎంబీ-పీపీ1 కూడా అదే వరుసలో ఉండాలి.

సమస్య 3: వైల్డ్ టైప్ కూడా దెబ్బ తింటోంది

మోతాదు ఎక్కువైంది, లేదా డీఎంఎస్‌ఓ 0.5 శాతం దాటింది. జంతు కణాల్లో మరో చిక్కు ఉంది: ఎస్‌ఆర్‌సీ కుటుంబానికి గేట్‌కీపర్ సహజంగానే చిన్నది, థ్రియోనిన్. అందుకే అవి కొంత మేర ఇన్హిబిటర్‌కు లొంగుతాయి. ప్రభావం చూపే కనీస మోతాదుకు దిగి రండి.

సమస్య 4: అనుకున్న దశలో కాక మరో దశలో ఆగుతున్నాయి

ఇది చాలాసార్లు పొరపాటు కాదు, మోతాదు చెబుతున్న సమాచారం. సీడీసీ28 ఈస్ట్ కణచక్రాన్ని నడిపే కైనేజ్. దాని అనలాగ్-సెన్సిటివ్ రూపం సీడీసీ28-ఏఎస్1 (88వ ఫినైల్ అలనిన్ స్థానంలో గ్లైసిన్) ఉన్న కణాలు 500 నానోమోలార్ 1-ఎన్‌ఎం-పీపీ1 దగ్గర జీ2/ఎంలో (మైటోసిస్ అంచున), 5 మైక్రోమోలార్ దగ్గర జీ1లో (డీఎన్‌ఏ కాపీకి ముందు దశ) ఆగుతాయి. మైటోసిస్‌లోకి వెళ్లడానికి సీడీసీ28 చురుకుదనం ఎక్కువ కావాలి, అందుకే కాస్త తగ్గించినా ముందు అక్కడే దెబ్బ తగులుతుంది. కాబట్టి ఒకే మోతాదుతో వచ్చిన ఫలితం నుంచి "ఈ కైనేజ్ ఫలానా దశకే కావాలి" అని రాసేయకండి. ఆల్ఫా ఫ్యాక్టర్‌తో (ఈస్ట్‌ను జీ1లో ఆపే ఫెరొమోన్) కణాలన్నిటినీ ఒకే దశకు సింక్రొనైజ్ చేసి, విడుదల చేసిన వేర్వేరు సమయాల్లో ఇన్హిబిటర్ వేయండి.

సమస్య 5: ఇన్హిబిటర్ వేయగానే ఒక ప్రొటీన్ ఫాస్ఫారిలేషన్ పోయింది. అది సూటి సబ్‌స్ట్రేటేనా (ఆ కైనేజ్ నేరుగా ఫాస్ఫేట్ అంటించేదేనా)?

ఎక్కువ తప్పుడు నిర్ధారణలు పుట్టేది ఇక్కడే. ఉదాహరణకు ఎంపీఎస్1 కైనేజ్‌ను ఆపితే స్పిండిల్ చెక్‌పాయింట్ (క్రోమోజోములు సరిగ్గా అతుక్కునేదాకా మైటోసిస్‌ను నిలిపే కాపలా) కూలిపోయి కణం మైటోసిస్ నుంచి బయటపడుతుంది. అప్పుడు హిస్టోన్ హెచ్3 సీరిన్ 10 మొదలుకొని వందల మైటోటిక్ గుర్తులు ఒకేసారి మాయమవుతాయి. మీరు కొలిచింది కైనేజ్‌ను కాదు, కణం దశను.

పరిష్కారం దశను బిగించి పట్టడం. మానవ కణాలను 100 నానోగ్రాములు/మిల్లీలీటర్ నోకోడజోల్‌లో (మైటోసిస్‌లో ఆపే మందు) 12 నుంచి 16 గంటలు ఉంచి, మైటోటిక్ షేక్-ఆఫ్‌తో (ప్లేట్‌ను ఊపి, వదులైన మైటోటిక్ కణాలను రాల్చడం) సేకరించండి. ఇన్హిబిటర్‌కు అరగంట ముందు 10 మైక్రోమోలార్ ఎంజీ132 వేస్తే ప్రొటియాసోమ్ (ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రం) ఆగి, మైటోసిస్‌ను నిలిపే సైక్లిన్ బీ నిలుస్తుంది. మొత్తం ఎంజీ132 కాలం రెండు గంటలు దాటనివ్వకండి. ప్రతి శాంపిల్ నుంచి సైక్లిన్ బీ బ్లాట్ తీసి పక్కన పెట్టండి; అది తగ్గిన శాంపిల్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

సీడీకే1 (సీడీసీ28కి మానవ రూపం) విషయంలో ఈ ఉపాయం చాలదు. సైక్లిన్ బీ నిలిచినా సీడీకే1 ఆగితే కణం మైటోసిస్ వదిలేస్తుంది: గ్రేట్‌వాల్ కైనేజ్ చురుకుదనం తగ్గి, పీపీ2ఏ-బీ55 ఫాస్ఫటేజ్‌కు (ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైమ్) కళ్లెం ఊడుతుంది. అక్కడ 2, 5, 10 నిమిషాల శాంపిళ్లే దిక్కు. అవి కూడా సూచనలు మాత్రమే, నిరూపణ సమస్య 6లోని థయోఫాస్ఫేట్ లేబులింగ్‌లో రావాలి.

సమస్య 6: థయోఫాస్ఫేట్ లేబులింగ్‌లో బ్యాండ్ రాదు, లేదా అన్నీ బ్యాండ్లే

ఈ పద్ధతిలో వెడల్పైన గూడులో ఇమిడే ఏటీపీ అనలాగ్‌తో మ్యూటెంట్ కైనేజ్ తన సబ్‌స్ట్రేట్లకు థయోఫాస్ఫేట్ అంటిస్తుంది; మెసిలేట్ దాన్ని యాంటీబాడీ పట్టే గుర్తుగా మారుస్తుంది.

బ్యాండ్ రాకపోతే: ఆ అనలాగ్, అంటే ఎన్6-బెంజైల్ ఏటీపీ-గామా-ఎస్, కణత్వచాన్ని దాటదు. 30 మైక్రోగ్రాములు/మిల్లీలీటర్ డిజిటోనిన్‌తో కణాలకు రంధ్రాలు చేయాలి, లేదా లైసేట్‌లోనే చేయాలి. అనలాగ్ 100 మైక్రోమోలార్, ఏటీపీ 100 మైక్రోమోలార్, నేపథ్యం తగ్గడానికి జీటీపీ 3 మిల్లీమోలార్, 20 నుంచి 30 నిమిషాలు సరిపోతాయి. తరువాత 20 మిల్లీమోలార్ ఈడీటీఏతో ఆపి, 2.5 మిల్లీమోలార్ పారా-నైట్రోబెంజైల్ మెసిలేట్‌తో గది ఉష్ణోగ్రత దగ్గర గంట ఉంచండి. బఫర్‌లో డీటీటీ (థయోల్ రసాయనం) ఎక్కువ ఉంటే మెసిలేట్‌ను అదే మింగేస్తుంది. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

బ్యాండ్లు ఎక్కువైతే రెండు కంట్రోళ్లు చూడండి. మెసిలేట్ వేయని లేన్‌లో కూడా బ్యాండ్ ఉంటే తప్పు యాంటీబాడీది. మెసిలేట్ ఉండి, వైల్డ్ టైప్ కైనేజ్ లేన్‌లోనూ అదే బ్యాండ్ వస్తే ఇతర కైనేజ్‌లు అనలాగ్‌ను వాడుకుంటూ ఉండవచ్చు. ఎన్6-ఫెనెథైల్ లేదా ఎన్6-ఫర్ఫ్యూరిల్ రూపానికి మారండి.

సమస్య 7: కడిగేసినా కణాలు విడుదల కావడం లేదు

వెచ్చటి మీడియంతో మూడు నాలుగు సార్లు కడగాలి. ఈస్ట్ అయితే ఫిల్టర్ మీద. అప్పటికీ కదలకపోతే ఆపి ఉంచిన సమయం ఎక్కువైంది. సీడీకే1ను చాలాసేపు ఆపితే కణాలు డీఎన్‌ఏను మళ్లీ కాపీ చేసుకోవచ్చు. ఫ్లో సైటోమెట్రీలో 4ఎన్ (ఒకసారి కాపీ అయిన డీఎన్‌ఏ మోతాదు) దాటిన శిఖరం కనిపిస్తే ఆ బ్యాచ్ పారేసి, తక్కువ వ్యవధితో మళ్లీ మొదలుపెట్టండి.