అంబాసిడర్ ఇంజన్‌కు క్యామ్ బుష్‌లు వేసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా దాని పాత 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ ఇంజన్‌ను పూర్తిగా విప్పి మళ్లీ కట్టించుకుంటున్నవారు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. బోరింగు, పిస్టన్లు, క్రాంక్ గ్రైండింగు గురించి అందరూ శ్రద్ధగా వాకబు చేస్తారు గాని, వాల్వులను తెరిపించే క్యామ్‌షాఫ్టు తిరిగే బుష్‌ల (గొట్టంలాంటి బేరింగుల) గురించి అడిగేవారు తక్కువ. పాతవే చాలులెమ్మని వదిలేసేవారు కొందరైతే, కొత్తవి దిగ్గొట్టిన తరువాత షాఫ్టు బిగుసుకుపోతే ఎమరీ కాగితంతో రుద్ది లోపలికి తోసేవారు మరికొందరు. ఈ రెండవ పద్ధతి మొదటిదానికంటే ఎక్కువ చేటు చేస్తుంది కనుక, ఆ బిగుతు ఎందుకు వస్తుందో, వచ్చినప్పుడు ఏం చేయాలో కొంత వివరంగా చెప్పడం అవసరం.

ఈ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్టు మూడు బుష్‌లలో తిరుగుతుంది. షాఫ్టును ముందు వైపు నుంచి దూర్చవలసి ఉంటుంది కాబట్టి ముందు బుష్ అన్నింటికంటే పెద్దది, నడిమిది దానికంటే చిన్నది, వెనుకది మరీ చిన్నది. ప్రతి బుష్‌కూ వెలుపల ఉక్కు రేకు, లోపల వైట్ మెటల్ అనే మెత్తని మిశ్రలోహపు పలుచని పూత ఉంటాయి. వెలుపలి ఉక్కు ఇంజన్ బ్లాకులో గట్టిగా పట్టి కూర్చోవాలి, లోపలి వైట్ మెటల్‌లో షాఫ్టు మాత్రం వేలితో తిప్పితే తిరగాలి. బ్లాకు వెలుపలి నుంచి నొక్కినప్పుడు బుష్ లోపలి వ్యాసం కూడా కొంత తగ్గుతుంది. అందుకే బుష్‌లను బ్లాకులో దించిన తరువాత మూడింటినీ ఒకే వరుసలో రీమ్ చేసి (రీమరు అనే పనిముట్టుతో లోపలి రంధ్రాన్ని సన్నగా కోసి) కొలతకు తేవాలన్నది ఈ ఇంజన్‌కు మొదటి నుంచీ ఉన్న విధానం. షాఫ్టుకూ బుష్‌కూ మధ్య ఉండవలసిన ఖాళీ 0.001 నుంచి 0.002 అంగుళం, అంటే మన మేస్త్రీల మాటలో ఒకటి నుంచి రెండు థౌ. రీమింగు అవసరం లేని బుష్‌లని చెప్పి అమ్మేవి కూడా దొరుకుతాయి, కాని దించిన తరువాత కొలిచి చూడకుండా ఆ మాటను నమ్మకూడదు.

కొలతల విషయంలో మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 45 మిల్లీమీటర్ల ఉక్కు షాఫ్టు 20 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం సుమారు 0.01 మిల్లీమీటరు పెరుగుతుంది. ఉండవలసిన ఖాళీయే 0.025 నుంచి 0.05 మిల్లీమీటరు అయినప్పుడు ఆ తేడా చిన్నదేమీ కాదు. రేకుల షెడ్డు గుమ్మం దగ్గర ఎండలో పడి ఉన్న షాఫ్టును, నీడలో ఉన్న బ్లాకును అప్పటికప్పుడు కొలిచి లెక్క కట్టడం సరి కాదు. బ్లాకు, షాఫ్టు, మైక్రోమీటరు మూడూ రాత్రంతా ఒకే గదిలో ఉండనిచ్చి, ఉదయం ఎండ ముదరకముందే కొలవడం మంచిది.

బుష్‌లు కొనడానికి ముందే షాఫ్టును పరీక్షించాలి. రెండు చివరలనూ వీ బ్లాకులపై ఉంచి, నడిమి జర్నల్ (షాఫ్టులో బుష్ లోపల తిరిగే నున్నని భాగం) మీద డయల్ గేజ్ ఆనించి నెమ్మదిగా తిప్పితే వంపు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. వంగిన షాఫ్టుకు సరిపోయేలా బుష్‌లను పెద్దవి చేస్తే ఆయిల్ ప్రెషర్ పడిపోతుందే తప్ప వంపు పోదు. అలాగే పాత బుష్‌లను తీయకముందు ఒక్కొక్కదానిలో నూనె రంధ్రాలు ఏ దిశలో ఉన్నాయో చూసి బ్లాకు ముఖం మీద గీత పెట్టుకోవాలి. తీసిన తరువాత బ్లాకులో బుష్‌లు కూర్చునే గూళ్ల అంచుల్లో లేచిన లోహపు పొరను సన్నని ఆకురాయితో తీసి, ఆ గూళ్లను, ఆయిల్ దారులను బ్రష్షుతోనూ గాలితోనూ శుభ్రం చేయాలి. గాలి పట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. కిరోసిన్‌తో కడుగుతున్న చోట వెల్డింగు గాని, బీడీ గాని ఉండకూడదు.

బుష్‌ను దించడానికి మెట్లుగా తిప్పిన మ్యాండ్రెల్‌ను (బుష్ లోపల పట్టే గుండ్రటి కడ్డీని) లేత్ షాపులో చేయించుకోవాలి. చెక్కముక్క అడ్డుపెట్టి సుత్తితో కొడితే బుష్ ఒక పక్కకు వాలుతుంది, అంచు నలుగుతుంది. పొడవాటి మరబోల్టుతో మ్యాండ్రెల్‌ను కొద్దికొద్దిగా లాగుతూ దించితే బుష్ తిన్నగా వెళుతుంది. సగం దూరం వెళ్లాక వాలిందని తోస్తే అక్కడే ఆపి, వెనక్కు తీసి, కొత్త బుష్ వేసుకోవాలి. ఒకసారి నలిగిన బుష్‌కు బ్లాకులో పట్టు సరిగా ఉండదు. దిగిన తరువాత ప్రతి రంధ్రంలోనూ సన్నని కమ్మీ దూర్చి బ్లాకులోని దారితో కలిసిందో లేదో చూడాలి. వెనుక బుష్ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పైన వాల్వులను నొక్కే రాకర్లు ఊగే రాకర్ షాఫ్టుకు నూనె ఆ బుష్ గుండానే వెళుతుంది. ఆ రంధ్రం ఒక పక్కకు జరిగితే క్రింద ప్రెషర్ గేజ్ బాగానే చూపిస్తున్నా, పైన రాకర్లు ఎండిపోయి అరిగిపోతాయి.

ఇక షాఫ్టు బిగుతుగా వచ్చిన సందర్భం. ఇక్కడ తొందరపడకూడదు. జర్నళ్లకు ప్రష్యన్ బ్లూ (ఎక్కడ తగులుతోందో చూపే నీలి రంగు) పలుచగా పూసి, షాఫ్టును దూర్చి, చేతితో ఒకటి రెండు చుట్లు తిప్పి బయటకు తీసి చూడాలి. రంగు బుష్ లోపల చుట్టూ సమంగా అంటుకుంటే బుష్ వ్యాసం చిన్నదని అర్థం, రీమింగుతో సరిపోతుంది. ఒక అంచున మాత్రమే ఉంగరంలా అంటితే బుష్ వాలి దిగింది, లేదా అంచు నలిగింది. బుష్‌లో ఒకే పక్కన మచ్చలా అంటి, జర్నల్ మీద రంగు చుట్టూ చెదిరి ఉంటే గూళ్లు వరుస తప్పాయి. దానికి భిన్నంగా, జర్నల్ మీద ఒకే చోట రంగు రుద్దుకుపోయి, బుష్‌లో చుట్టూ అంటుకుంటే షాఫ్టు వంగి ఉందని అనుమానించాలి. ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు. చాలా గ్యారేజీల్లో జరిగే పొరపాటు, నాలుగింటికీ ఒకే ఎమరీ కాగితం వాడడం. వైట్ మెటల్ మెత్తనిది గనుక ఎమరీ రేణువులు అందులో దిగబడి అక్కడే ఉండిపోతాయి. ఎంత కడిగినా పూర్తిగా రావు. ఇంజన్ నడిచిన కొద్దీ అవి జర్నల్‌ను కోస్తూనే ఉంటాయి.

రీమింగుకు మిగతా బుష్‌ల ఆధారంగా వరుస నిలిపే పైలట్ ఉన్న లైన్ రీమరే వాడాలి. రీమరును ఎప్పుడూ కోత దిశలోనే తిప్పాలి, బయటకు తీసేటప్పుడు కూడా వెనక్కు తిప్పకూడదు. కోసేముందు రీమరు గాడులలో గ్రీజు నింపితే వైట్ మెటల్ తురుము చాలావరకు దానికే అంటుకుంటుంది. అయినా పని అయ్యాక నూనె దారులన్నీ మళ్లీ శుభ్రం చేయవలసిందే. వైట్ మెటల్‌లో సీసం ఉండవచ్చు, అందువల్ల ఆ చేతులతో టీ, టిఫిన్ ముట్టుకోకూడదు. ఒక అంచున చిన్న మెరక మాత్రమే ఉంటే బేరింగ్ స్క్రాపరుతో ఆ మెరక వరకే గీకి, మళ్లీ రంగు పూసి చూడాలి. నడుస్తూ నడుస్తూ అదే వదులవుతుందని బిగుతుగా ఉన్న షాఫ్టును స్టార్టరుతో తిప్పడం ఎన్నడూ చేయకూడదు. వైట్ మెటల్ సాగిపోయి రంధ్రాలను మూసేస్తుంది, ఒక్కోసారి బుష్ గూటిలోనే తిరిగిపోతుంది.

షాఫ్టును చివరిసారి దూర్చేటప్పుడు క్యామ్ లోబుల (షాఫ్టు మీది ఉబ్బెత్తు భాగాల) అంచులు బుష్‌లను గీకకుండా, ముందు చివర పొడవాటి బోల్టు బిగించి పిడిలా పట్టుకుని, నూనె పూసి, నిదానంగా తిప్పుతూ నెట్టాలి. షాఫ్టును ముందు వెనుకలకు జరగకుండా ఆపే లొకేటింగ్ ప్లేటు బిగించాక ముందు వెనుకల ఆట 0.003 నుంచి 0.007 అంగుళం మధ్య ఉండాలి.

ఇంజన్ మొదలుపెట్టే రోజున స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇగ్నిషన్ ఆపి, గేజ్‌లో ప్రెషర్ కనిపించే వరకు స్టార్టరును విరామాలిస్తూ తిప్పాలి. అప్పుడు రాకర్ కవరు తెరిచి ఉంచి, రాకర్ షాఫ్టును మోసే వెనుక పెడెస్టల్ (దిమ్మె) దగ్గర నుంచి నూనె ఊరుతోందో లేదో కళ్లారా చూడాలి. గేజ్ లేచినా అక్కడ నూనె రాకపోతే ప్లగ్గులు తిరిగి బిగించకూడదు. ముందుగా రాకర్ పెడెస్టల్ దారిలో అడ్డేమైనా ఉందేమో చూసి, అది శుభ్రంగా ఉంటే షాఫ్టు తీసి వెనుక బుష్‌ను మళ్లీ పరీక్షించాలి.