ఒకే క్యాజిల్, పలువురు రచయితలు: పనిషర్ కథలను పోల్చి చదివే పద్ధతి

యాభై ఏళ్లుగా నడుస్తున్న కామిక్స్ పాత్రను ఒకే మనిషి జీవితకథగా చదవబోతే తికమక తప్పదు. మార్వెల్ వారి పనిషర్, అంటే ఫ్రాంక్ క్యాజిల్, విషయంలో ఇది మరీ ఎక్కువ. ఏ అతీత శక్తీ లేకుండా, వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చి, ఛాతీ మీద పుర్రె గుర్తు వేసుకుని నేరస్థులను చంపుకుంటూ పోయే ఈ మాజీ మెరైన్‌ను సూపర్‌హీరోల వరుసలో చేర్చాలా వద్దా అన్న వాదన పాతదే. ఆ వాదన తేలినా తేలకపోయినా, యుద్ధం మిగిల్చే మానసిక గాయాన్ని ఇంతమంది రచయితలు ఇన్ని తీర్లుగా చూపిన పాత్రలు అరుదు. కాబట్టి ఏ పనిషర్ కథ చేతికి తీసుకున్నా ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ రచయిత లెక్కలో క్యాజిల్ గాయం ఎక్కడ మొదలైంది? దానికి జవాబు మారినప్పుడల్లా అతడు చేసే హత్యల బరువు కూడా మారుతుంది.

1974 ఫిబ్రవరి తేదీతో వచ్చిన ‘ది అమేజింగ్ స్పైడర్‌మాన్’ 129వ సంచికలో రచయిత గెర్రీ కాన్వే ఇతడిని స్పైడర్‌మాన్‌ను చంపడానికి వచ్చిన శత్రువుగా ప్రవేశపెట్టాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో మాఫియా హత్యను చూసిన పాపానికి క్యాజిల్ భార్యాపిల్లలు బలైపోయారన్న కథను కాన్వేయే ఆ మరుసటి ఏడాది చెప్పాడు. ఈ తొలి కథలను చదివేటప్పుడు కాలాన్ని మరచిపోకూడదు. పీటీఎస్‌డీ, అంటే యుద్ధం వంటి భయానక అనుభవాల తర్వాత మిగిలే మానసిక రుగ్మత, అనే నిర్ధారణ అమెరికా మనోవైద్యుల అధికారిక పట్టికలో చేరింది 1980లో. అంతకు ముందు రాసిన రచయిత దగ్గర యుద్ధం నుంచి వచ్చి నిద్రపట్టని మనిషిని వివరించడానికి ఈనాటి వైద్యభాష లేదు; ఉన్నదల్లా పగ అనే పాత సరుకే. తిక్కన సౌప్తిక పర్వంలో అశ్వత్థామను చదువుకున్న తెలుగు పాఠకులకు ఆ సరుకు కొత్తేమీ కాదు.

1983లో బిల్ మాంట్లో రాసిన స్పైడర్‌మాన్ కథల్లో క్యాజిల్ రోడ్డు మీద చెత్త పారేసినవారి మీద కూడా కాల్పులు జరిపే ఉన్మాదిగా కనిపిస్తాడు. 1986లో స్టీవెన్ గ్రాంట్ రాసిన అయిదు సంచికల కథలో ఆ ఉన్మాదమంతా శత్రువులు ఎక్కించిన మత్తుమందు వల్ల వచ్చిందని తేల్చేశాడు. ఇలాంటి సర్దుబాటు ఎదురైనప్పుడు దాన్ని దాటవేయకుండా ఆగి చూడాలి. పాత్రను సొంత కామిక్స్ వరుసను నడిపించగల కథానాయకుడిగా నిలబెట్టాలంటే అతడి మతి స్థిరంగా ఉండాలి. అందుకోసం గాయాన్ని బయటి విషంగా మార్చారు. అమ్మకాల పరంగా అది తెలివైన పనే కావచ్చు గాని, నైతికంగా చూస్తే క్యాజిల్‌ను జవాబుదారీ నుంచి తప్పించడమే.

రచయిత గార్త్ ఎన్నిస్ దగ్గర తీరిగ్గా కూర్చోవాలి. 2003లో డారిక్ రాబర్ట్‌సన్ బొమ్మలతో వచ్చిన ‘బార్న్’ (Born) నాలుగు సంచికల కథ. కాలం 1971, స్థలం వ్యాలీ ఫోర్జ్ అనే సైనిక స్థావరం. తనిఖీకి వచ్చిన జనరల్ ఆ స్థావరాన్ని మూయించే ఆలోచనలో ఉన్నాడని గ్రహించిన కెప్టెన్ క్యాజిల్, అతడిని శత్రువు స్నైపర్‌కు కనబడే చోటికి మర్యాదగా నడిపించుకు వెళ్తాడు. ఆ పేజీలను రెండుసార్లు చదవండి. అప్పటికి అతడి భార్యాపిల్లలు బతికే ఉన్నారు, పగ తీర్చుకోవలసిన మాఫియా అతడి జీవితంలో లేదు; యుద్ధం ఆగిపోకూడదన్న ఆకలి మాత్రం అతడిలో ఉంది. అంటే కుటుంబం పోయినందువల్లే హంతకుడయ్యాడన్న సమర్థనను ఎన్నిస్ మొదలంటా కొట్టేశాడు. ఎన్నటికీ ముగియని యుద్ధాన్ని ఇస్తాను, దానికో వెల ఉంటుందని క్యాజిల్‌తో బేరమాడే స్వరం ఒకటి కథంతా వినిపిస్తుంది. అది సైతానో, అతడి మనసో ఎన్నిస్ చెప్పడు. కథ పూర్తయ్యాక ఆ స్వరం మాటలను మాత్రమే ఏరి మళ్లీ చదివితే, ఆ వెల ఎవరి ప్రాణాలో చివరి పేజీలకు ముందే అర్థమవుతుంది.

2004 నుంచి 2008 వరకు పెద్దల కోసం వెలువడిన మ్యాక్స్ వరుసలో ఎన్నిస్ ఈ ఆలోచననే ముందుకు తీసుకుపోయాడు. ఇక్కడ క్యాజిల్ యాభై దాటినవాడు, ఎందుకంటే అతడు వియత్నాంలో పోరాడిన కాలాన్ని ఎన్నిస్ ముందుకు జరపలేదు. ‘ది లాంగ్ కోల్డ్ డార్క్’ భాగంలో తనకొక పసికూతురు ఉందని తెలిసినా, ఆ బిడ్డను పిన్ని చేతుల్లో పెట్టి వెళ్లిపోతాడు. గాయం అతడి చేతులు కట్టేసిందా, లేక అతడే యుద్ధాన్ని ఎంచుకున్నాడా అన్న సందేహం ఆ వీడ్కోలులో ఉన్నంత పదునుగా ఏ కాల్పుల దృశ్యంలోనూ లేదు. తుపాకుల మోత పేజీలను వేగంగా దాటినా నష్టం లేదు, ఈ పేజీలను మాత్రం దాటకండి.

దీని పక్కన 2010-12 మధ్య జేసన్ ఆరన్ రాసిన మ్యాక్స్ వరుసను పెట్టుకోండి. ఆరన్ పెట్టిన మెలిక చిన్నదే: పార్కులో కాల్పులు మొదలయ్యే ముందు క్షణాన క్యాజిల్ భార్యతో విడాకులు కావాలని చెబుతాడు. యుద్ధం నుంచి వచ్చి ఇంట్లో ఇమడలేని మనిషి ఆ ఒక్క మాటతో బయటపడతాడు. ఆ తర్వాత అతడు చేసే ప్రతి హత్యలో భార్య మీది ప్రేమ ఎంత, ఆ మాట తాలూకు అపరాధ భావం ఎంత అన్నది విడదీయలేం. 2022లో ఆరనే మళ్లీ ఈ పాత్రను చేపట్టి, క్యాజిల్ బాల్యంలోనే మనిషిని చంపాడని రాశాడు. నా అంచనాలో ఇది బలహీనమైన ఎత్తుగడ. పుట్టుకతోనే హంతకుడైతే యుద్ధానికీ సమాజానికీ జవాబు చెప్పవలసిన పని ఉండదు.

రెండో ప్రశ్న కథ ఎవరి కళ్లతో నడుస్తోందన్నది. కార్ల్ పాట్స్ 1988లో ప్రారంభించిన ‘వార్ జర్నల్’ తరహాలో క్యాజిల్ తన డైరీ తానే చదివి వినిపిస్తే, అతడి తర్కం మనకు తెలియకుండానే మన తర్కమైపోతుంది. 2011లో గ్రెగ్ రుకా ఈ సౌకర్యాన్ని తీసేశాడు. అతడి క్యాజిల్ చాలా తక్కువ మాట్లాడతాడు. పెళ్లిరోజునే భర్తను పోగొట్టుకున్న మెరైన్ సార్జెంట్ రేచల్ కోల్-ఆల్వెస్ అతడి దారిలో నడవాలనుకుంటుంది. అదే గాయం మరో శరీరంలో కనిపించేసరికి, క్యాజిల్ విషయంలో మనకు అలవాటైపోయిన హింస మళ్లీ భయంకరంగా తోస్తుంది. టీవీలో జాన్ బెర్న్‌తాల్ నటించిన 2017 నాటి సిరీస్ కూడా యుద్ధాన్ని అఫ్గానిస్తాన్‌కు మార్చి, మాజీ సైనికుల సహాయ బృందాన్ని, అందులో బాంబులు పెట్టే దాకా దిగజారిన లూయిస్ అనే యువకుడిని చూపి ఇలాంటి పనే చేసింది.

పుర్రె గుర్తును కొందరు అమెరికా పోలీసులు తమ వాహనాలకు అంటించుకోవడం గురించి కూడా ఒక పేజీ ఉంది. 2019లో మాథ్యూ రోజెన్‌బర్గ్ రాసిన సంచికలో తనను అభిమానించే పోలీసుల దగ్గర క్యాజిల్ ఆ స్టిక్కర్‌ను చింపేసి, ఆదర్శం కావాలంటే సూపర్‌హీరో కెప్టెన్ అమెరికా ఉన్నాడని చెబుతాడు. పాఠకులు తప్పుగా చదివారని పాత్ర చేతనే చెప్పించవలసి వచ్చిందన్నమాట.

కొత్తగా మొదలుపెట్టేవారు ప్రచురణ క్రమాన్ని పట్టుకుని పోనవసరం లేదు. ‘బార్న్’తో మొదలుపెట్టి, ఎన్నిస్ మ్యాక్స్ వరుస, తర్వాత ఆరన్ మొదటి వరుస చదివి, అప్పుడు రుకా దగ్గరికి రండి. 1974 సంచికను ఆఖరున చదివితే, అందులో కుటుంబం ఊసే లేకుండా నిలబడ్డ ఆ తొలి క్యాజిల్‌లో తర్వాతి రచయితలు ఎవరెవరు ఏమేమి చేర్చారో వరుసగా గుర్తుపట్టవచ్చు.