టిఫిన్ సెంటర్‌లో కొత్త సప్లయర్‌కు పని నేర్పడం ఎట్లా?

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో టిఫిన్ సెంటర్లకు పొద్దున ఏడున్నర నుంచి పది దాకా గిరాకీ ఊపిరి తీసుకోనివ్వదు. కొత్తగా చేరిన సప్లయర్‌ను మొదటి రోజే అందులోకి దింపి "చూసి నేర్చుకో" అంటే పని చెడుతుంది. మాస్టర్ ఒకటి చెప్తాడు, గల్లా మీద కూర్చున్నాయన ఇంకోటి చెప్తాడు, పాత సప్లయర్ తన అలవాట్లన్నీ అంటిస్తాడు. నేర్పే మనిషి ఒక్కరే ఉండాలి. ఆ వారం ఆయనకు వేరే పని తగ్గించి, పైన ఎంతో కొంత ఇవ్వండి. ఉత్తగనే నేర్పమంటే ఎవరూ మనసు పెట్టరు.

నేర్పడానికి మంచి టైం మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య. రోజుకు అరగంట, ఒక్కటే పని. ముందు చేసి చూపించాలి. తర్వాత ఎందుకట్లా చేయాలో చెప్తూ ఇద్దరూ కలిసి చేయాలి. ఆఖరికి అతనొక్కడే చేస్తుంటే చెయ్యి పెట్టకుండా చూడాలి. ఓనర్లకు ఈ ఆఖరిదే కష్టం.

మొదటి పాఠం చేతులు. సబ్బుతో 20 సెకన్లు, వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు దాకా. డ్యూటీ ఎక్కగానే, బాత్రూం నుంచి రాగానే, డబ్బులు ముట్టినా, ఎంగిలి ప్లేట్లు తీసినా మళ్లీ కడగాలి. గిరాకీలో ఇదంతా కుదరదనిపిస్తే ప్లేట్లు తీసే మనిషిని వేరుగా పెట్టండి. ఒకే మనిషి ఎంగిలి తీసి, అదే చేత్తో ఇడ్లీ పెడుతుంటే ఎంత చెప్పినా లాభం లేదు.

నీళ్ల గ్లాసులు చూడండి. నాలుగు గ్లాసుల్లో నాలుగు వేళ్లు ముంచి ఒక్కసారే ఎత్తుకొస్తారు. తిట్టే ముందు అక్కడ గ్లాసుల స్టాండ్ గానీ ట్రే గానీ ఉందా చూసుకోండి. చాలా తప్పులు సామాను లేకనే జరుగుతాయి. స్టాండ్ కొనిచ్చి, గ్లాసు అడుగున పట్టుకోవడం ఒక్కసారి చూపిస్తే ఆ అలవాటు పోతుంది.

కొబ్బరి చట్నీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఏప్రిల్, మే ఎండలకు తెల్లవారుజామున రుబ్బింది పది గంటలకే పులుస్తుంది. రెండు గంటలకు సరిపడా మాత్రమే బయట పెట్టాలి. గిన్నె ఖాళీ అయ్యాక కడిగి, అప్పుడే కొత్తది పోయాలి. పాతదాని మీదే కొత్తది పోస్తే మొత్తం చెడుతుంది. సాంబారు 60 డిగ్రీల పైన ఉండాలి. ఆవిరి చూసి అంచనా కట్టకుండా థర్మామీటర్ పెట్టి చూడటం నేర్పండి.

ఆర్డర్ తీసుకున్నాక తిరిగి చెప్పడం అలవాటు చేయండి. "రెండు ఇడ్లీ" అంటే రెండు ప్లేట్లా, రెండు ఇడ్లీలేనా అన్నదగ్గరే బిల్లు గొడవలు మొదలవుతాయి. "రెండు ప్లేట్లేనా అన్నా?" అని అడిగితే చాలు. పార్సిల్ కవరు ముడేసే ముందు చట్నీ, సాంబారు ప్యాకెట్లు లెక్కపెట్టాలి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లకు ముందు మెనూ పేర్లు, "కారం తక్కువ", "చక్కెర లేకుండా" లాంటి మాటలు నేర్పండి.

రెండేళ్లకోసారి మేడారం జాతరకు ములుగు రోడ్డు నిండిపోతుంది. ఆ నాలుగు రోజులకు తాత్కాలికంగా పెట్టుకునేవాళ్లను వారం ముందే రమ్మనండి. నీళ్లు, ప్లేట్లు, బల్లలు తుడవడం ఇవ్వండి. నూనె మూకుడు దగ్గరికి, గల్లా దగ్గరికి పంపొద్దు.

ఆహారం ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి డాక్టర్ పరీక్ష చేయించి కాగితం దాచుకోవాలి. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫోస్టాక్ (ఆహార భద్రత) శిక్షణ, పనిచేసే ప్రతి 25 మందికి ఒకరు తీసుకోవాలి. చిన్న హోటల్ అయితే ఓనరే తీసుకోవడం మేలు. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనికీ పెట్టుకోవద్దు.

తప్పు చేస్తే గిరాకీ ముందు అరవకండి, మధ్యాహ్నం పిలిచి చెప్పండి. ఏడో రోజు తెలిసినవాళ్లనెవరినైనా కూర్చోబెట్టి ఆర్డర్ ఇప్పించండి: మూడు ప్లేట్లు, ఒక పార్సిల్, మధ్యలో ఒక మార్పు. తడబడితే ఆ ఒక్క పనికే ఇంకో వారం ఇవ్వండి, జీతం మాత్రం కోయకండి.