సీ7000 బ్లేడ్ చాసిస్‌కి కరెంటు ఎలా ఇవ్వాలి, ఉమ్మడి భాగాలు ఎలా చూసుకోవాలి

బ్లేడ్ చాసిస్ (బ్లేడ్లనే పలుచటి సర్వర్లని పక్కపక్కన పెట్టే పెట్టె) చేతికి రాగానే అందరూ అడిగేది ఎన్ని బ్లేడ్లు పడతాయని. నన్నడిగితే ముందు ర్యాక్ వెనక్కి వెళ్లి, కింద వరసలో ఉన్న ఆరు పవర్ కేబుళ్లు ఎక్కడిదాకా వెళ్తున్నాయో చేత్తో పట్టుకుని చూడండి. మామూలు సర్వర్‌కి కరెంటు విషయంలో పొరపాటు జరిగితే ఆ ఒక్క మెషీనే ఆగుతుంది, ఇక్కడ పదహారూ ఒకేసారి ఆగుతాయి.

నాకు బాగా తెలిసిన హెచ్‌పీ సీ7000 మీదే చెప్తాను. 2006లో వచ్చింది, 10యూ (అంటే ర్యాక్‌లో పది గళ్ల) ఎత్తు, సగం ఎత్తు బ్లేడ్లయితే 16, పూర్తి ఎత్తువైతే 8 పడతాయి. బ్లేడులో ప్రాసెసర్లు, మెమరీ, డిస్కులు ఉంటాయి కానీ పవర్ సప్లైలు, ఫ్యాన్లు, నెట్‌వర్క్ స్విచ్‌లు మాత్రం చాసిస్‌వే. ఉమ్మడి కాపురం లాంటిది, పొయ్యి ఆరితే ఎవరికీ అన్నం ఉండదు.

ముందు సప్లైల సంగతి. ఆరూ ముందువైపు కింద ఉంటాయి. 2400 వాట్లవి ఆరు పెట్టారనుకుందాం, మొత్తం 14,400 వాట్లు. ఇదంతా వాడుకోవచ్చు అనుకుంటే మాత్రం పొరపాటే. పవర్ సెట్టింగ్స్‌లో మూడు మోడ్‌లు కనిపిస్తాయి. రిడండెన్సీ (ఒకటి పోతే మోయడానికి అదనంగా ఉంచుకోవడం) లేని మోడ్‌లో 14,400 మొత్తం ఇస్తుంది, కానీ దాని జోలికి వెళ్లకండి. పవర్ సప్లై రిడండెంట్‌లో ఒకటి పోయినా మిగతా ఐదు మోస్తాయి, అంటే 12,000. ఏసీ రిడండెంట్‌లో (ఇక్కడ ఏసీ అంటే బయటి నుంచి వచ్చే కరెంటు) ఒక లైను మొత్తం పోయినా మిగిలిన మూడు మోయాలి కాబట్టి చేతికొచ్చేది 7,200 మాత్రమే. ప్రొడక్షన్‌లో ఉన్నదైతే ఏసీ రిడండెంట్ తప్ప ఇంకోటి పెట్టొద్దు, బ్లేడ్లు ఎన్ని కొనాలో ఆ 7,200 మీదే లెక్కేసుకోండి.

సింగిల్ ఫేజ్ చాసిస్‌లో ఒక్కో సప్లైకి ఒక్కో కేబుల్ ఉంటుంది. 1, 2, 3 సప్లైల కేబుళ్లు ఎ ఫీడ్‌కి, అంటే ఒక కరెంటు లైనుకి, 4, 5, 6 బి ఫీడ్‌కి, అంటే రెండో లైనుకి. సప్లైలు నాలుగే ఉంటే 1, 2, 4, 5 స్లాట్లలో, రెండే ఉంటే 1, 4లో పెట్టండి, అప్పుడు రెండు వైపులా సమానంగా ఉంటాయి.

ఇక్కడే అసలు చిక్కు. ఏ కేబుల్ ఏ పీడీయూలోకి (ర్యాక్‌లో కరెంటు పంచే సాకెట్ల పట్టీ) వెళ్లిందో చాసిస్‌కి తెలియదు. సప్లైకి కరెంటు వస్తోందా లేదా, అంతవరకే దానికి తెలుసు. నేను పనిచేసిన ఒకచోట పీడీయూలు రెండు ఉన్నాయి, కేబుళ్లు మూడూ మూడూ చక్కగా పంచి ఉన్నాయి, స్క్రీన్ మీద రిడండెంట్ అని పచ్చగా ఉంది. కానీ ఆ రెండు పీడీయూలూ ఒకే యూపీఎస్ నుంచి వచ్చాయి. ఒక శనివారం రాత్రి ఆ యూపీఎస్‌ని మెయింటెనెన్స్ కోసం ఆపారు. ర్యాక్ ముందు నిలబడి ఉన్నాను, ఫ్యాన్ల హోరు ఒక్కసారిగా తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది, ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది. అందుకే పీడీయూ దగ్గర ఆగకండి, వైరు వెంట యూపీఎస్ దాకా వెళ్లి చూడండి, కేబుల్ రెండు చివర్లా ఎ, బి అని లేబుల్ వేయండి.

ఇంకో లెక్క చాలామంది వెయ్యరు. మన 230 వోల్టుల దగ్గర 7,200 వాట్లంటేనే 31 ఆంపియర్లు దాటుతుంది, సప్లైలో వేడిగా పోయేది కూడా కలిపితే 32 ఆంపియర్ల బ్రేకర్ దాటిపోతుంది. మామూలు రోజుల్లో రెండు ఫీడ్‌లూ చెరిసగం మోస్తాయి కాబట్టి ఏమీ తెలియదు, ఒకటి పోయిన క్షణాన భారమంతా రెండోదాని మీద పడి కాసేపటికి అదీ ట్రిప్ అవుతుంది. ఒక్కో ఫీడ్‌కి 32 ఆంపియర్లే ఉంటే రెండింటి లోడూ కలిపి 25 ఆంపియర్లు దాటకుండా చూసుకోండి, అంటే సుమారు 5,750 వీఏ (వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది). ఆ సంఖ్యని ఏసీ ఇన్‌పుట్ వీఏ లిమిట్‌లో పెట్టేస్తే, దాన్ని దాటించే కొత్త బ్లేడుని చాసిస్ ఆన్ కానివ్వదు.

ఆన్ కానివ్వకపోవడం అంటే గుర్తొచ్చింది, బ్లేడు బటన్ నొక్కినా లేవడం లేదంటే బ్లేడు పాడైందని వెంటనే కంగారు పడకండి. లేచే ముందు ప్రతి బ్లేడూ ఇంత కరెంటు కావాలని చాసిస్‌ని నడిపే మాడ్యూల్ ఆన్‌బోర్డ్ అడ్మినిస్ట్రేటర్‌ని, అంటే మనం ఓఏ అనేదాన్ని అడుగుతుంది. మిగులు లేకపోతే ఓఏ కాదంటుంది. ఓఏలోకి లాగిన్ అయి షో పవర్ కమాండ్ కొట్టండి, ఎంత ఉంది, ఎంత పంచేశారు అన్నది కనబడుతుంది.

డైనమిక్ పవర్ అని ఇంకో ఆప్షన్ ఉంది. లోడు తక్కువున్నప్పుడు కొన్ని సప్లైలని స్టాండ్‌బైలో పెట్టి మిగతావాటిని బాగా పనిచేయిస్తుంది. సగం ఖాళీగా ఉన్న చాసిస్‌లో ఆన్ చేసుకోవచ్చు.

ఫ్యాన్లు పది వరకు పడతాయి. నాలుగే ఉంటే 4, 5, 9, 10లో పెట్టాలి, వాటితో రెండు బ్లేడ్లే నడుస్తాయి. ఆరు ఉంటే 3, 4, 5, 8, 9, 10లో పెట్టాలి, ఎనిమిది బ్లేడ్ల వరకు సరిపోతాయి. నా మాట వింటే పదీ పెట్టేయండి. ఖాళీ స్లాట్లకి బ్లాంక్‌లు (మూతలు) తప్పనిసరి, లేకపోతే గాలి ఖాళీ ఉన్నచోటి నుంచి పోయి, బ్లేడ్ల లోపల వేడి పెరుగుతుంది.

ఓఏ మాడ్యూళ్లు రెండు పెట్టండి, రెండింటిలో ఫర్మ్‌వేర్ ఒకే వెర్షన్ ఉండాలి. ఒకటి పోతే రెండోది అందుకుంటుంది. నెట్‌వర్క్ మాడ్యూళ్లు వెనక ఎనిమిది స్లాట్లలో జంటలుగా, 1-2, 3-4 ఇలా ఉంటాయి, సగం ఎత్తు బ్లేడు సొంత నెట్‌వర్క్ పోర్టులు 1, 2కి వెళ్తాయి. రెండూ పెడితేనే ఒక మాడ్యూల్ పోయినా బ్లేడుకి దారి ఉంటుంది. మధ్యలో ఉండే మిడ్‌ప్లేన్‌లో (బ్లేడ్లూ మాడ్యూళ్లూ గుచ్చుకునే బోర్డు) చిప్‌లేవీ ఉండవు కాబట్టి దానంతటది పాడవడం అరుదు, పాడుచేసేది మన చేతులే. బ్లేడు తోసేటప్పుడు గట్టిగా తగిలితే అక్కడే ఆపి, బయటికి తీసి, వెనక కనెక్టర్ చూసి మళ్లీ పెట్టండి.

అన్నీ అయ్యాక, యూజర్లు రాకముందే ఒక పరీక్ష చేయండి. ఎ ఫీడ్ బ్రేకర్ దించండి. 4, 5, 6 సప్లైల లైట్లు పచ్చగా ఉన్నాయా, బ్లేడ్లన్నీ నడుస్తున్నాయా, బి పీడీయూ డిస్‌ప్లే మీద ఆంపియర్లు ఎంతకి ఎక్కాయి, ఈ మూడూ చూసి రాసుకోండి. పది నిమిషాలైనా అలా నడవనివ్వండి. తర్వాత ఎ ఎక్కించి, 1, 2, 3 మళ్లీ ఓకే అని ఓఏలో కనబడేదాకా ఆగి, అప్పుడే బి దించండి.