పోలీస్ ఈవెంట్స్‌కి సిద్ధమవుదాం – మూడో పాఠం: 1600 మీటర్లలో వేగం పంచుకోవడం

గత రెండు పాఠాల్లో నడక, నెమ్మది పరుగు కలుపుకుంటూ అరగంట ఆగకుండా కదలడం అలవాటు చేసుకున్నాం. అది ఇంకా కుదరనివాళ్లు ఈ పాఠాన్ని పక్కన పెట్టి, మరో రెండు వారాలు అదే చేయండి. పక్కవాళ్లతో మాట్లాడుతూ అరగంట పరిగెత్తగలిగితే ఇక ఇందులోకి రావచ్చు.

ఆంధ్రప్రదేశ్ పోలీస్ నియామకాల 2022 నోటిఫికేషన్ ప్రకారం ఈవెంట్స్‌లో, అంటే దేహదారుఢ్య పరీక్షల్లో, సివిల్ కానిస్టేబుల్‌కి 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. 100 మీటర్లు, లాంగ్ జంప్‌లలో ఏదో ఒకటి క్వాలిఫై అయితే చాలు గానీ, 1600 పోతే మాత్రం ఇంటిముఖం పట్టాల్సిందే. మగవాళ్లకి 8 నిమిషాలు, ఆడవాళ్లకి 10 నిమిషాల 30 సెకన్లు. ఏపీఎస్పీకి, అంటే ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీస్ బెటాలియన్లకి, వెళ్లాలనుకునేవాళ్లకి మూడు ఈవెంట్లూ ఉంటాయి, వాటికి మార్కులు కూడా ఉంటాయి. కాబట్టి వాళ్లు గీత దాటితే చాలనుకోకూడదు.

తెల్లవారుజామున శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లి చూడండి. విజిల్ పడగానే గుంపంతా ఒక్కసారిగా దూసుకుపోతుంది. మొదటి రౌండు ఒకటిన్నర నిమిషంలో కొట్టేసినవాళ్లలో చాలామంది మూడో రౌండుకి నడుము మీద చేతులు పెట్టుకుని నడుస్తుంటారు. దమ్ము లేక కాదు. ఊపిరి అందించగలిగిన దానికంటే ఎక్కువ పని కాళ్లకి మొదట్లోనే చెప్పేశారు. అలా మొదలైన ఆయాసం వేగం బాగా తగ్గిస్తేనో, పరుగు ఆపితేనో తప్ప తగ్గదు. నా దృష్టిలో ఈ ఈవెంట్‌లో ఫెయిలయ్యేవాళ్లలో ఎక్కువమంది ఫెయిలయ్యేది మొదటి రౌండులోనే.

లెక్క చూద్దాం. 1600 అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. 8 నిమిషాల్లో రావాలంటే 100 మీటర్లకి 30 సెకన్లు. కొంచెం చేతిలో ఉంచుకోవాలి కాబట్టి 29 సెకన్లు పెట్టుకోండి, మొత్తం 7 నిమిషాల 44 సెకన్లు అవుతుంది. ఆడవాళ్లు 100 మీటర్లకి 38 సెకన్లు పెట్టుకుంటే 10 నిమిషాల 8 సెకన్లలో వచ్చేస్తారు. ఈ వేగం వాచీ చూడకుండానే ఒంటికి తెలియాలి. ఈ పాఠంలో మనం నేర్చుకునేది అదే.

ఊళ్లో ట్రాక్ లేదని ఆగిపోకండి. తాపీమేస్త్రి దగ్గర 30 మీటర్ల టేపు దొరుకుతుంది. వంశధార కాలువ గట్టు మీద గానీ, గట్టి మట్టి బాట మీద గానీ 800 మీటర్లు కొలిచి, ప్రతి 100 మీటర్లకీ సున్నంతో గీత గీయండి. వెళ్లి రావడంతో 1600 పూర్తవుతుంది. ఫోన్‌లో దూరం చూపించే యాప్‌ని మాత్రం నమ్ముకోకండి, అది కొన్నిసార్లు పదుల మీటర్లు తేడా చూపిస్తుంది. చీకట్లో హైవే అంచున పరుగు అసలు వద్దు.

మొదటి వారం 200 మీటర్ల చొప్పున ఎనిమిది సార్లు పరిగెత్తండి. మగవాళ్లకి ఒక్కోటి 58 సెకన్లు, ఆడవాళ్లకి 76. మధ్యలో నిమిషంన్నర నడక. ప్రతి గీత దగ్గర స్నేహితుడో చెల్లో నిలబడి సెకన్లు గట్టిగా చెబితే బాగుంటుంది. మొదటి గీతని 29కి బదులు 24లో దాటేస్తే, తర్వాతి 200 నుంచి నెమ్మదించండి. మొదట్లో ఈ వేగం మరీ నెమ్మదిగా అనిపిస్తుంది. అలా అనిపించడమే సరైనది.

రెండో వారం 400 మీటర్లు నాలుగు సార్లు, అదే వేగంతో, మధ్యలో రెండు నిమిషాల నడక. మూడో వారం 800 మీటర్లు రెండు సార్లు, మధ్యలో నాలుగు నిమిషాలు. ఏ వారమైనా ఈ వేగం పరుగులు రెండు రోజులే. మరో రెండు రోజులు పాత నెమ్మది పరుగు, మిగతావి విశ్రాంతి లేదా నడక. రోజూ గట్టిగా పరిగెత్తితే త్వరగా వస్తుందనుకోవడం వల్లే ముంగాలి ఎముక (మోకాలి కింద ముందువైపు ఎముక) నొప్పులు మొదలవుతాయి. వేలితో నొక్కితే ఎముక మీద ఒకేచోట నొప్పి తగిలితే పరుగు ఆపి డాక్టర్‌కి చూపించండి. పెయిన్ కిల్లర్ మింగి పరిగెత్తొద్దు, దయచేసి.

ట్రాక్ మీద ఇంకో సంగతి ఉంది. మలుపులో రెండో లేన్‌లో పరిగెత్తితే రౌండుకి ఏడు మీటర్లకి పైగా అదనం. నాలుగు రౌండ్లకి దాదాపు 30 మీటర్లు, అంటే తొమ్మిది సెకన్లు ఊరికే పోతాయి. ముందువాళ్లని దాటాలంటే మలుపు అయ్యేదాకా ఆగి, తిన్నగా ఉన్నచోట దాటండి. డొక్కలో పోటు వస్తే వేగం కొంచెం తగ్గించి, గాలి పూర్తిగా బయటికి వదులుతూ వెళ్లండి, చాలామందికి సర్దుకుంటుంది.

తిండి విషయంలో డబ్బాల పౌడర్లు కొననక్కర్లేదు. పరుగుకి గంట ముందు ఒక అరటిపండు, వచ్చాక చోడి (రాగి) అంబలి, గుడ్లు, నానబెట్టిన వేరుశనగ గుళ్లు ఉంటే సరిపోతుంది. మన తీరంలో ఉక్కపోతకి చెమట బాగా పోతుంది కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగ తప్పకుండా తాగండి.

మూడు వారాల తర్వాత, రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, మొత్తం 1600 ఒకసారి పరిగెత్తి ఒక్కో రౌండు సమయం కాగితం మీద రాసుకోండి. మొదటి రౌండుకీ మూడో రౌండుకీ తేడా ఐదు సెకన్లు దాటితే రెండో వారం పాఠం మళ్లీ చేయాలి. దాటకపోతే ఆ కాగితం దాచుకోండి, నాలుగో పాఠంలో చివరి 300 మీటర్లలో వేగం పెంచడానికి ఆ అంకెలే కావాలి.